మన్ను గాజు

చందాపుర దాటాక రోడ్డు పక్కనున్న బైరప్ప నర్సరీకి మన్ను లారీ వస్తే, దించాలో వెనక్కి పంపాలో చెప్పేది అంజినమ్మ. బైరప్ప యజమానే, కానీ ఈ ఒక్క విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

బెంగళూరులో ఎక్కడ అపార్ట్‌మెంటుకు పునాది తవ్వినా ఆ మన్ను ఏదో ఒక నర్సరీ గుమ్మం తొక్కాల్సిందే. లారీవాళ్ళు గడుసువాళ్ళు. పైన కాస్త మంచి ఎర్రమన్ను కప్పి, కింద ఏముందో దేవుడికి వదిలేస్తారు. అంజినమ్మ ఆ పైమన్నును కన్నెత్తి చూసేది కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి పిడికెడు తీసి, నీళ్ళు చిలకరించి, అరచేతుల మధ్య వత్తిలా పేనేది. వత్తిని వంచి చేతి గాజులా చుట్టేది. గాజు పగలకుండా నిలిచిందంటే బంకమన్ను, కుండీలో ఎండితే సిమెంటే. అసలు వత్తే కాలేదంటే ఉత్త ఇసుక. వత్తి అయ్యి, గాజు చుట్టబోతే విరిగిందా, అది మొక్కకు పనికొచ్చే మన్ను.

ఒక్కటే చిక్కు. కుండీలో నీళ్ళు దిగనివ్వని చెరువు పూడిక మన్ను కూడా అచ్చం అలాగే విరుగుతుంది. దానికి కాస్త ఇటుక పొడి కలిపితే రంగూ కలిసిపోతుంది. వేళ్ళ మధ్య రుద్దితే తప్ప దొంగ దొరకడు. మంచి మన్ను సన్నగా గరగరమంటుంది, పూడిక ముఖానికి రాసే పౌడరులా జారిపోతుంది. అంజినమ్మ ఒక్క రుద్దు రుద్ది, "పోనీయప్పా వెనక్కి" అనేది. ఎంత నోరున్న డ్రైవరైనా బండి తిప్పుకోవాల్సిందే.

ఒకరోజు టీ తాగుతుంటే, పక్కన కవర్లలో మన్ను నింపే పద్మావతి అడిగింది.

"అక్కా, నీకు చెయ్యి కాలలేదా? గ్లాసు పొగలు కక్కతా ఉండాది."

"అలవాటైపోయింది లేమ్మా" అని నవ్వింది అంజినమ్మ. సాయంత్రం చూసుకుంటే వేళ్ళ మీద బొబ్బలు.

షుగరు నరాలను తినేసిందన్నాడు డాక్టరు. మంటకు మాత్రలున్నాయట, పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాదట. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? మిగతా రోజంతా ఆమె పదిమందిలో ఒక కూలీ. లారీ ఆగిన ఆ కాసేపే అందరూ పని ఆపి ఆమె నోటి వైపు చూసేవాళ్ళు. అది పోతే తనకింకేం మిగలదని ఆమెకు భయం.

కొన్నాళ్ళు చిటికెడు మన్ను పళ్ళ మధ్య పెట్టి చూసింది. పళ్ళకు గరుకు బాగానే తెలిసింది. కానీ ఊరి మురుగంతా ఇంకిన మన్ను అది. వాంతులతో మంచం పట్టి లేచాక ఆ దారీ మూసుకుపోయింది. ఇక మిగిలినవి కళ్ళే.

వరలక్ష్మి వ్రతం బేరాలకని మల్లె మొక్కలన్నీ కొత్త మన్నులోకి మార్చారు. వానలు పడ్డాయి. కుండీల పైన పెచ్చు కట్టింది, నీళ్ళు దిగలేదు, వేర్లు కుళ్ళాయి. బైరప్ప ఒక మొక్కను పెరికి ఆ మన్నును రుద్ది చూశాడు.

"అంజినమ్మా, ఇది నువ్వు చూసిన లోడేనా?"

"నేనే చూసినాను."

"చేత్తో రుద్ది చూసినావా?"

ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. "చేతికి తెలీదప్పా. శానా దినాలాయ."

తిట్టినా బాగుండేది. అతను ఆ చేతుల వైపు చూసి, మెల్లగా అన్నాడు. "ఇంక సాకు బిడు, చాల్లే. పద్మావతికి నేర్పించు. నువ్వు మొక్కలకు నీళ్ళు పట్టుకో."

తర్వాతి లారీకి పద్మావతి చెయ్యి పెట్టింది. వత్తి పేనింది. గాజు చుట్టబోతే విరిగింది.

"ఇప్పుడు రుద్దు" అంది అంజినమ్మ. "ఎట్లుండాది?"

పద్మావతి రుద్దింది. "ఎట్లుంటాదక్కా? మన్ను మాదిరే ఉండాది."

"గరగర అంటా ఉండాదా, జారతా ఉండాదా? నిదానంగా చూడమ్మా."

"రెండూ ఉన్నట్టే ఉండాదక్కా."

అంజినమ్మ ఆ పిడికెడూ లాక్కుని తన వేళ్ళ మధ్య రుద్దింది. గోళ్ళ సందుల్లోకి ఎరుపెక్కేదాకా రుద్దింది. చేతిలో ఏమీ లేనట్టే ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. నర్సరీలో వాళ్ళంతా ఎప్పటిలాగే పని ఆపి చూస్తున్నారు.

"ఏం చెప్పమంటావక్కా, దించమనేదా?" అని అడిగింది పద్మావతి.

అంజినమ్మ మన్ను కింద వదిలేసి, చేతులు చీరకు తుడుచుకుంది.

"నీ ఇష్టం" అంది.