హిమజ నవలకు నేను రాసిన ముగింపు

చాలా ఏళ్లుగా నా గుండె మీద ఒక వాక్యం కూర్చుని ఉంది. ఒకే ఒక్క వాక్యం. చూడటానికి తేలికైనదే. వింటే మీరు నవ్వుతారు కూడా. విన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్విన ప్రతిసారీ అది ఇంకాస్త లోపలికి దిగింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోతే "పోనిద్దురూ, అంతా మంచికే జరిగింది కదా" అంటారు. నిజమే, అంతా మంచికే జరిగింది. నా ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాల తనిఖీ చేసి రిటైరై, ఆ ఊళ్లోనే ఉండిపోయాను. చల్లబడి వచ్చిన పట్టాను చూడటం, కొలవటం, బాగుంటే ఒక రంగు గుర్తు, బాగాలేకపోతే ఇంకో రంగు గుర్తు. ఉద్యోగమంతా ఇదే. మా పనికి పెద్ద నియమం ఒకటుంది. తనిఖీ చేసేవాడు సరుకును సరిచేయకూడదు. వంకర కనిపిస్తే వంకర అని రాయాలి, సుత్తి పట్టకూడదు. ఎందుకంటే తాను సరిచేసిన దాంట్లో తప్పు తనకు కనిపించదు. ప్లాంటులో ఉన్నన్నాళ్లూ నేను సుత్తి పట్టలేదు.

ఇంకో అలవాటు డైరీ. పెళ్లికి ముందు నుంచీ రాస్తున్నాను. మా వీధిలో ఏ వానకు ఎవరి గోడ కూలిందో, ఎవరి పిల్లకు ఎప్పుడు నామకరణం జరిగిందో, తేడా వస్తే అందరూ నా గుమ్మం ముందుకే వస్తారు. నేను చెబితే ఇక తగువు లేదు. ఆ పేరు నాకు గర్వంగా ఉండేది. ఆ పేరునే నేను పాడుచేసుకున్నాను, ఎవరికీ తెలియకుండా.

హిమజ మా ఎదురింటి అమ్మాయి. అసలు పేరు అది కాదు. వాళ్ల నాన్నా నేనూ విజయనగరం వైపు నుంచి ఒకే కాలంలో ప్లాంటుకు వచ్చినవాళ్లం. నన్ను పెదనాన్న అని పిలుస్తుంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే. చదివింది హిందీ మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అందులో సగం హిందీ. చదవటం మాత్రం రాదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు చాలామంది అంతే. తర్వాత హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరింది. లారీలకు సరుకు కుదిర్చే యాప్ తయారుచేసేవాళ్లు. ఈమె పని ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవటం.

"అయితే నువ్వూ తనిఖీయేనన్నమాట" అన్నాను, చెప్పిన రోజున.

"మరేటి పెదనాన్నా! తప్పు చూపించాల, ముట్టుకోకూడదు. ముట్టుకున్నామా, కోడ్ రాసినోళ్లు చంపేస్తారు."

ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. మా మిల్లు నియమం ఆ అమ్మాయి నోట విన్నాను.

ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, తెలుగులో ప్రేమ నవల రాస్తానంది. ఆఫీసు బస్సులో అందరూ ఫోన్లలో సీరియళ్లు చదువుతారట. వాటిలో హీరో ఎప్పుడూ కంపెనీ యజమానే, అద్దాల గదిలోనే ఉంటాడు. "ఒక్కడి సర్వరూ పడిపోదు పెదనాన్నా! ఒక్కడూ డబ్బాలో చల్లారిపోయిన ఉప్మా తినడు. ఆళ్లకి ప్రేమించడానికి టైమెక్కడిది అని ఎవరూ అడగరు." ఉన్నది ఉన్నట్టు రాయాలని ఆమె కోరిక. అక్షరాలు మాత్రం నావి. ఆదివారం ఆమె ఫోన్లో కథ చెప్పేది. నేను తెలుగులో రాసి, ఆ కథల యాప్‌లో ఆమె కలం పేరుతో పెట్టేవాణ్ణి.

ఆ కథ నాకు ఎంత నచ్చిందంటే, రిటైరయ్యాక మొదటిసారి వారంలో ఒక రోజు కోసం ఎదురుచూశాను. హీరోయిన్ తప్పులు పట్టే అమ్మాయి. హీరో ఆ తప్పులు చేసే అబ్బాయి. ఆమె పంపే ప్రతి నివేదికలో మూడు వరుసలు ఉంటాయి. లోపం ఏమిటి, తీవ్రత ఎంత, ఎప్పుడు సరిచేస్తారు. దాని కింద అతని జవాబు ఒకే మాట: "సరిచేశాను." సగం నవల దాకా వాళ్ల మధ్య ఇంతకు మించి మాటల్లేవు. అయినా చదివేవాళ్లకు తెలిసిపోయేది. లారీ బ్రోకరు యాప్‌ను నమ్మని ఒక ఘట్టం కోసం నేనే మా ఊరి పక్కనున్న పారిశ్రామిక వాడ హథ్‌ఖోజ్ వెళ్లి, ఇనుప సామాను చేసే ఒక చిన్న కార్ఖానా గేటు దగ్గర నిలబడి, వాళ్లు లారీవాళ్లతో ఎలా బేరమాడతారో విని వచ్చాను. మా ఆవిడకు అది వింతగా ఉండేది. "ప్రేమకథ మీరు రాయడమేటండీ? పెళ్లయిన కొత్తల్లో నాకు ఉత్తరం రాస్తే, అందులో మీ మిల్లులో ఆ నెల ఎన్ని పట్టాలు పాసయ్యాయో రాసీవోరు" అనేది. ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. దానితో పని ఉంది.

ప్రతి భాగం కింద ప్రశాంత్ అనే పాఠకుడు తప్పకుండా వ్యాఖ్య రాసేవాడు. మెచ్చుకోలు ఉండేది కాదు. "ఈ లోపానికి అంత తీవ్రత ఉండదు" అనో, "సర్వరు అలా పడిపోదు" అనో రాసేవాడు. అవి ఫోన్లో చదివి వినిపిస్తే హిమజ నవ్వేది. ఆ నవ్వు విన్నవాడికి వేరే రుజువు అక్కర్లేదు. వాళ్లిద్దరూ ఒకే ఆఫీసు. కథలోని అబ్బాయి అతనే. ఆ విషయం అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఒకరితో ఒకరు మాత్రం అనరు.

చివరి భాగానికి హిమజ ఇంటికి వచ్చి ఉంది. పుణెలో పెద్ద కంపెనీ ఆమెను ఒక జట్టుకు నాయకురాలిగా తీసుకుంది. చేరే ముందు కొద్ది రోజుల సెలవు. మా వరండాలో కూర్చుని, కాళ్లూపుతూ, గబగబా చెప్పేసింది. హీరోయిన్ ఆఖరి లోపాన్ని మూసేస్తుంది. బ్యాగు సర్దుకుంటుంది. ఎవరికీ చెప్పకుండా పుణె వెళ్లిపోతుంది. "ఆయనతో చెప్పీసినా బాగుణ్ణు..." అంది, ఎటో చూస్తూ. వెంటనే తల ఊపేసింది. "నై నై, ఛోడో. అడగనోడికి చెప్పడమేటి? వెళ్లిపోవాల. అంతే రాయండి."

అంతే రాశాను. మీరు నమ్మాలి, మొదట అంతే రాశాను. తర్వాత కలం ఆగలేదు. ఎన్నాళ్లు చూసినా వంకర పట్టాను సుత్తితో ముట్టుకోనివాడికి ఆ మధ్యాహ్నం చేతిలో ఏదో దురద. ఆమె ముగింపు కొట్టేసి, హీరోయిన్ చేత ఆఖరి నివేదిక ఒకటి పంపించాను. "లోపం: మీరు ఇంతవరకూ నన్ను అడగలేదు. తీవ్రత: ఎక్కువ. ఎప్పుడు సరిచేస్తారు?"

యాప్‌లో పెట్టేశాను. ఆ వారం తిరగకుండానే, ఒక ఉదయం, నేను మొక్కలకు నీళ్లు పోస్తుంటే, హిమజ వీధి దాటి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పెదనాన్నా, ఆఖర్న ఏటి రాసీసినారు మీరు? ఆ ప్రశాంత్ వచ్చీస్తన్నాడు! రాయపూర్లో విమానం దిగీసి టాక్సీ ఎక్కినాడట. కుమ్హారి దాటీసినాడట, ఇంకో అరగంటలో ఇక్కడుంటాడు!"

"ఎందుకట?"

"సరిచేయడానికట!" కోపమో సంతోషమో ఆమెకే తెలిసినట్టు లేదు. "నేను వెళ్లిపోవాలనే కదా చెప్పినాను? మై తో యహీ బోలీ థీ న?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోరు తెరిస్తే చాలు. తెరిచాను.

"ముందు వెళ్లిపోవాలన్నావమ్మా. తరవాత, చెప్పేస్తే బాగుణ్ణు అన్నావు. నీ ఆఖరి మాటే రాశాను."

"పక్కా?"

"పక్కా."

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "డైరీ మనిషి, మీరు చెప్తే ఇంకేటుంది. నేనే అనుంటాను." వెంటనే కిందికి చూసుకుంది. "అయ్యో రామా, నైటీలో ఉన్నాను!" అని వచ్చిన దారినే పరుగెత్తింది.

అదీ నా నేరం. కథ మార్చటం చిన్నది. ఆమె అన్న రెండు మాటల వరుసను తారుమారు చేసి, ఆమె జ్ఞాపకాన్నే ఆమెకు మార్చి ఇచ్చాను. నా డైరీల పరువునంతా ఒక అబద్ధానికి జామీను పెట్టాను. ఆ రోజు డైరీలో ఏం రాశానో తెలుసా? "ఎండ ఎక్కువ. ఎదురింటికి చుట్టం వచ్చాడు."

ఆ చుట్టం మా వీధికి అల్లుడయ్యాడు. హిమజ పుణె మానుకుంది. ఇద్దరూ రాయపూర్లో ఉంటారు, ఇంట్లో కూర్చునే ఉద్యోగాలు చేసుకుంటారు, రోజంతా పోట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. ప్రతి పెళ్లిరోజుకీ మమ్మల్ని పిలుస్తారు. భోజనాల మధ్యలో ప్రశాంత్ గిన్నె మీద గరిటెతో కొట్టి ఆ వాక్యం చదువుతాడు. "తీవ్రత: ఎక్కువ!" అని అందరూ అరుస్తారు. హిమజ సిగ్గుపడి, "ఛీ, అలగ చెప్పీమని నేనెలా అన్నానో!" అంటుంది. నేను పాయసం మింగుతాను.

నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వాళ్ల సుఖం కోసమే చేశానా? అనుకోవాలని ఉంది. కానీ మా ఆవిడ మాట గుర్తుందా? జీవితంలో ఒక్క ప్రేమవాక్యం రాయనివాడికి ముసలితనంలో ఒకటి దొరికింది. దాన్ని పారేయలేకపోయాను. అంతేనేమో. ప్రశాంత్ దాన్ని చదివినప్పుడు సిగ్గుతో పాటు నాకు లోపల ఒక పులకింత కూడా కలుగుతుంది. పాఠకులు మెచ్చుకుంటున్న రచయిత పులకింత. ఇది చెప్పటం అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఇంకా ఒకటి. ఇప్పుడు చదువుకుంటే ఆమె ముగింపే మంచి ముగింపు. నోరు మూసుకుని వెళ్లిపోవటం ఆమె హక్కు. ఆ మౌనం ఆమె సొంతం. నేను దాన్ని ఆమెను అడగకుండా తీసేసుకున్నాను. "పుణె వెళ్లుంటే ఏటయ్యేదాన్నో" అని ఆమె అప్పుడప్పుడు నవ్వుతూ అంటుంది.

ఇన్నాళ్లూ దాచినవాణ్ణి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, హిమజ తెలుగు చదవటం నేర్చుకుంటోంది. రెండో నవల తన చేత్తోనే రాసుకోవాలట. నేర్పేది నేనే. ప్రతి ఆదివారం వస్తుంది. పాఠ్యపుస్తకం ఏం పెట్టుకుందాం అని అడిగితే, తన నవలే కావాలంది. "కథ నాకు తెలుసు కదా పెదనాన్నా, అక్షరాలు తొందరగా పట్టుబడతాయి." పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించాను. వేలు పెట్టి, ఒక్కో ఒత్తు దగ్గర ఆగుతూ, తన మాటలు తనకు కనిపిస్తుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ చదువుతోంది. హథ్‌ఖోజ్ బేరం దగ్గర పడీపడీ నవ్వింది. ఇంత సంతోషమైన పాఠం నేను ఎవరికీ చెప్పలేదు. వచ్చే పాఠం చివరి భాగం.

ఆ కాగితం మార్చేయవచ్చు. ఆమె ముగింపును ఆమెకే అచ్చు తీసి ఇవ్వవచ్చు. అలా చేస్తే అది రెండోసారి సుత్తి పట్టటం. కాగితాన్ని ఉన్నదున్నట్టే ఉంచాను. దాని అడుగున, నా దస్తూరీలో, గుండ్రంగా, ఆమె చదవగలిగేలా రాశాను. "లోపం: ఈ ముగింపు నీ మాట కాదు, నాది. నువ్వు చివరగా చెప్పింది వెళ్లిపోవాలని. నేను అబద్ధమాడాను. తీవ్రత: ఎక్కువ."

మూడో వరుస ఖాళీగా వదిలాను. అందులో రాయాల్సింది నేను కాదు.

ఈ రోజు ఆదివారం. కలం కింద పెట్టాను. చెయ్యి తేలిగ్గా ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ కేకేస్తోంది: "ఏటండీ, ఆళ్లు కుమ్హారి దాటీసినారట. కుర్చీలు బయటెయ్యండి!"