ఫ్రాన్సు పావడా, సాతంరాయి కిరీటం

ఫ్రాన్సు దేశపు రాజుగారికి పావడా కుట్టిన దర్జీ శంషాబాదు బస్టాండు వెనక సందులో ఉన్నాడు. పేరు అనంతయ్య, ఊరు సాతంరాయి. ఆ రాజు పోయి రెండు వందల ఏళ్లు దాటింది కదా అని లెక్కలు తీసేవాళ్లు తీసుకోవచ్చు. లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఇంతవరకు ఒక్క మంచి కథ చెప్పిన పాపాన పోలేదు. ఆ పావడా విచ్చుకుంటే ఎంత ఉండేదంటే, దిగబోతున్న విమానమొకటి దాన్ని చూసి ఇక్కడ దిగాలా, అక్కడ దిగాలా అని ఆకాశంలో రెండు చుట్లు కొట్టిందట. చెప్పింది మద్దెల వాయించే బిక్షం. బిక్షం అబద్ధాలాడడు, కాస్త సాగదీస్తాడు, అంతే.

రెండువేల పన్నెండు ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. విమానాశ్రయం వచ్చి నాలుగేళ్లయింది. జొన్నచేలున్న చోట పెళ్లి మంటపాలు మొలిచాయి. ఒక్కో మంటపం ఎంత పొడుగంటే, పెళ్లికూతురు ఈ తలుపులో బయలుదేరి పీటల దగ్గరికి చేరేసరికి ముహూర్తం దాటిపోయేది. అలాంటి ఒక మంటపం నుంచి అనుపమ అనే ఆవిడ వచ్చి అనంతయ్య దుకాణం ముందు కారు దిగింది. పెళ్లిళ్లలో ఆటపాటలు, అలంకారాలు ఏర్పాటు చేయడం ఆవిడ పని. మాట కోస్తాది.

“అనంతయ్యగారూ, మీరు నాటకాల దుస్తులు కుడతారట కదండీ?”

“కుడుతుంటి మేడం. ఇప్పుడు నాటకాలు ఏడున్నయి? జాకెట్లు, స్కూలు డ్రెస్సులు కుట్టుకుంట బతుకుతున్న.”

ఆవిడ ఫోనులో బొమ్మలు చూపించింది. రెండున్నర వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో ఆడిన నాట్యాల బొమ్మలవి. ఆడవాళ్ల లంగాలు నడుముకు రెండు పక్కలా నులకమంచాల్లా చాచుకుని ఉన్నాయి. మగవాళ్లకు మోకాళ్ల దాకా గొడుగులా విచ్చుకున్న బిరుసు పావడాలు, ముఖాలకు తొడుగులు, తలల మీద మూరల కొద్దీ ఈకలు. మర్నాడు సంగీత్‌లో ముంబై బృందం ఆ ఆటే ఆడాలి. అందరి దుస్తులూ భద్రంగా వచ్చాయి. అసలు వేషం, సూర్యదేవుడిది, దారిలో నలిగి అప్పడమైంది.

“మొగోనికే గీ లంగానా మేడం?”

“అవునండీ. అప్పట్లో అక్కడ దేవుడి వేషం వేసినా, వీరుడి వేషం వేసినా అదే కట్టేవారు. గుడ్డ మేఘాల మీద కూర్చోబెట్టి తాళ్లతో పైనుంచి దింపేవారు. కొవ్వొత్తుల వెలుగులో జరీ, అద్దాలు ధగధగలాడేవట.”

అనంతయ్య నవ్వాడు. “మాకు కాగడాలుండె. గంతే ఫరక్. మీరు పరేషాన్ కాకుండ్రి. రేపు పొద్దుమూకెటాళ్లకు మీ సూర్యుడు తయార్.”

ఏళ్ల తరబడి వేషం గురించి అడిగిన మనిషి లేడు. అందుకే నాలుక ముందు పరిగెత్తింది, బుద్ధి వెనకబడింది.

పావడా సులువుగానే అయింది. ఊరేగింపుల్లో మనిషి లోపల దూరి ఆడించే బుట్టబొమ్మకు పంజరం కట్టిన చేయి అది. గంపలల్లేవాళ్ల దగ్గర వెదురు బద్దలు తెచ్చి వంచి, పైన జరీ గుడ్డ బిగించాడు. తల దగ్గరే పని చెడింది. అట్టతో చేసిన కిరీటానికి బ్యాండుమేళం టోపీల ఈకలు గుచ్చి చూస్తే, మిఠాయి డబ్బా మీద కోడి కూర్చున్నట్టుంది.

అతని ఇంట్లో సాతంరాయి భాగవత బృందం వేషాల పెట్టె ఉంది. ఆటలు ఆగిపోయాక దాన్ని దాచే బాధ్యత అతనిది. అందులో తేలిక కర్రతో చెక్కి, బంగారు రేకు అంటించి, అద్దాలు పొదిగిన కిరీటం ఉంది. దానికో కట్టుబాటుంది. తలస్నానం చేసి, ధూపం వేసి, కొబ్బరికాయ కొట్టాకే పెట్టె తెరవాలి. పెట్టుకున్నవాడు కాళ్లకు చెప్పులు తొడగరాదు. ముప్పై ఏళ్లు ఆ కిరీటం పెట్టుకుని ఆడిన గోపయ్య, పెట్టె అప్పగించిన రోజున ఒకే మాట అన్నాడు: “తెరిచెటప్పుడు నన్ను పిలువు తమ్మీ.”

గోపయ్యను పిలిస్తే వద్దంటాడు. వద్దంటే మేడం దగ్గర మాట పోతుంది. కొబ్బరికాయ కొడితే ఆ చప్పుడుకు భార్య రుక్కమ్మ వచ్చి ఏందని అడుగుతుంది. ఆమె నల్లా దగ్గరికి నీళ్లకు పోయిన సందు చూసి అనంతయ్య పెట్టె తెరిచాడు. చేతులు కూడా కడుక్కోలేదు. పని కాగానే తెచ్చి పెట్టేస్తే కిరీటానికి కూడా తెలియదనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మంటపంలో తెర పక్కన నిలబడి అంతా చూశాడు. నాట్యం చేసే పిల్లలు లంగాలతో తలుపులో పట్టక పీతల్లా అడ్డంగా నడిచి వచ్చారు. థర్మోకోల్ మబ్బుల్లోంచి ఇనుప తాళ్ల మీద సూర్యుడు దిగాడు. వెదురు పావడా చక్రంలా తిరిగింది. కిరీటం అద్దాల మీద దీపాలు పడి గోడల నిండా వెలుగు చుక్కలు పరిగెత్తాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. అనంతయ్య గుండె ఆ పావడా అంత అయింది.

అప్పుడు చూశాడు, సూర్యుడి కాళ్లకు ఎత్తు మడమల ఎర్ర బూట్లున్నాయి. ‘విప్పుమనాలె’ అని నోటి దాకా వచ్చింది. పక్కనే అనుపమ ఎవరితోనో, “ఈయనేనండీ మా అనంతయ్యగారు, ఒక్క రోజులో చేశారు” అంటోంది. మాట మింగేశాడు.

ఆట అయ్యాక ఫొటోల సంబరం. కిరీటం ఒక తల మీంచి ఇంకో తల మీదికి దూకింది. పెళ్లికొడుకు స్నేహితులు పెట్టుకుని నాలుకలు చాపారు. చివరికి ఎవడో దాన్ని బల్ల మీద బోర్లించి పెట్టాడు. ఇంకెవడో తిన్న ఐస్‌క్రీం కప్పు దాని మీద ఉంచాడు. అనంతయ్య అడుగు వేయబోయాడు. వేస్తే, అది ఎక్కడిదో చెప్పాలి. అడుగు పడలేదు.

ఎంగిలి పళ్లేలు ఎత్తుతున్న ముసలాయన ఒకడు బల్ల దగ్గర ఆగాడు. నల్ల ప్యాంటు, మెడకు బో, చేతులకు తెల్ల తొడుగులు. తొడుగులు తీశాడు. బూట్లు విడిచాడు. కప్పు తీసి పక్కన పెట్టి, కిరీటాన్ని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. గోపయ్య. మంటపంలో సూపర్‌వైజర్‌నని ఊరందరికీ చెప్పుకున్న గోపయ్య.

తెర వెనక ఇద్దరూ ఎదురుపడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

“ఇయ్యాల మనుషులు తక్కువైండ్రు. జర చెయ్యేసిన, గంతే” అన్నాడు గోపయ్య.

“అవునన్నా.”

“నన్ను పిలువకపోతివి.”

“పుర్సత్ దొరకలేదన్నా.”

“పోనీ. కొబ్బరికాయన్న కొట్టినవా?”

“కొట్టిన.”

గోపయ్య ముఖం తేటపడింది. “గట్లయితే ఫికరు లేదు. ఇగ ఎవరేం జేసినా ఆ తప్పు వాళ్లది, మనది కాదు.” కిరీటాన్ని అనంతయ్య చేతుల్లో పెట్టి, బూట్లు తొడుక్కుని మళ్లీ పళ్లేల దగ్గరికి పోయాడు.

‘కొట్టిన’ అన్న ఆ ఒక్క మాట అక్కడ చచ్చి ఉంటే బాగుండేది. మరునాటికి అది సాతంరాయి చేరింది. బిక్షం నోట్లో పడ్డాక జల్‌పల్లి దాకా పోయింది, షాద్‌నగర్ బస్సు కూడా ఎక్కింది. దారిలో సూర్యుడి వేషగాడు కాస్తా ఫ్రాన్సు రాజైపోయాడు. మన కిరీటం పెట్టుకోనిదే ఫ్రాన్సు రాజు గద్దె ఎక్కనన్నాడట! రుక్కమ్మ కూడా విన్నది.

“ఏందయ్యా, మనింట్ల ఆనాడు కొబ్బరికాయ ఏడిది?”

“బయట కొట్టిన.”

“చిప్పలన్న తేకపోతివి. పచ్చడన్న నూరుతుంటి గదా!”

ఆమె నవ్వుతూనే అన్నది. అనంతయ్య సగం అన్నంలోనే చేయి కడుక్కుని దుకాణానికి పోయాడు. దుకాణానికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే మిషను మీదికి వంగిపోయేవాడు. గోపయ్య ఎదురొస్తుంటే సందు మార్చేవాడు. పెట్టె ఉన్న గదిలోకి పోవలసి వస్తే, లోపల పెద్దమనిషి పడుకున్నట్టు మెల్లగా అడుగులేసేవాడు.

అబద్ధం అక్కడితో ఆగలేదు, దానికి సన్మానం కూడా వచ్చింది. పెళ్లివాళ్లే అంత మెచ్చారు, మనం ఎందుకు మానాలని గోపయ్య బృందాన్ని మళ్లీ కూడగట్టాడు. శ్రావణంలో ఆట వేద్దామన్నారు. కమ్యూనిటీ హాల్లో అందరూ చేరిన నాడు అనంతయ్యను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. గోపయ్య శాలువా విప్పాడు.

“పదిమంది సూస్తుంటే కొబ్బరికాయ ఎవడైనా కొడ్తడు. ఒక్కడు సూడకున్నా కొట్టిండు మా తమ్ముడు. ఇగ తెరిచెటప్పుడు నన్ను పిలిచే పని లేదు. పెట్టె ఆయనకే ఇస్తున్న, ఆయన తర్వాత ఆయన పిల్లలకు.”

చప్పట్లు మోగాయి. బిక్షం మద్దెల మీద ఒక దరువు వేసి అందుకున్నాడు: “ఫ్రాన్సు రాజు, లంగా కట్టిన రాజు, మా అనంతయ్య కాళ్లు మొక్కి ఏమన్నడో ఎరికేనా...”

శాలువా భుజాన పడబోతుంటే అనంతయ్య దాన్ని చేత్తో ఆపాడు. అతని కళ్లు గోపయ్య పాదాల మీదే ఉన్నాయి. అన్న మాట ఇది:

“రాజు లేడు, ఏం లేడు. వెదురు బుట్టకు గుడ్డ చుట్టిన, గంతే. కిరీటం ఎవ్వలను అడగక తీసిన. కొబ్బరికాయ కొట్టలే. గోపయ్యన్నకు కొట్టిన్నని అబద్ధం జెప్పిన.”