నా తువ్వాలు వేసుకున్న రైతు

మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. రెండు ఆ కథ వేసిన వారపత్రికకు, ఒకటి నేరుగా రచయితకు. పత్రికవాళ్లు "కథ కల్పితం" అని ఫోనుకు ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నారు. దాన్ని నేను జవాబుగా లెక్కపెట్టను. రచయిత అయితే నా ఫోనే ఎత్తడు.

ఆయన టీచరు. ఏన్కూరు దగ్గర మా ఇంటి పై పోర్షన్‌లో రెండేళ్లు కిరాయికి ఉన్నాడు. బదిలీ అయినప్పుడు తాళంచెవి మా ఆవిడ చేతిలో పెట్టి పోయాడు, నాకు ఒక్క మాట చెప్పలేదు. అది వేరే సంగతి, కానీ గుర్తుంది. ఆ మరుసటి ఏడు ఆయన కథ అచ్చయింది.

కథలో ఒక మిరప రైతు ఉంటాడు. మెడలో ఆకుపచ్చ తువ్వాలు, చేతిలో కానుగ పుల్ల, చక్కెర లేని చాయ్. మూడూ నావే. కోతకు వచ్చిన ఒక తల్లి, గట్టు మీద ఉయ్యాలలో బిడ్డ ఏడుస్తుంటే పాలిచ్చి వస్తానని అడుగుతుంది. "సాలు అయినంక పో" అంటాడు రైతు. ఆమె కోస్తున్న మొక్కల వరస, ఆ సాలు, పూర్తిచేసి వెళ్లేసరికి బిడ్డ ఏడుపు ఆగి ఉంటుంది. ఇక ఆ బిడ్డ లేవదు.

పురుగుమందుల దుకాణంలో నన్ను చూడగానే ఒకడు అందుకున్నాడు.

"ఏంది పటేలా, కథల పడ్డవంట గద! సిన్మా ఎప్పుడు తీస్తున్నరు?"

"ఊకోరా, ఆయన్ని ఇప్పుడు కదిలియ్యకు. సాలు అయినంక మాట్లాడుతడు" అన్నాడు ఇంకొకడు. దుకాణమంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో చెప్పగలను.

కథలో వానాకాలంలో మిరప కోస్తారు. ఆ కాలంలో మొక్కకు పూత కూడా రాదు. గట్టు మీద వేపచెట్టు అని రాశాడు, మా గట్టు మీద ఉన్నది తుమ్మ. ఇవన్నీ ఉత్తరాల్లో వరుసగా చూపించాను. నా చేలో ఏ బిడ్డా చావలేదని కూడా రాశాను. అది నిజం.

నవ్వితే నవ్వారు, దులుపుకుని పోయేవాణ్ణి. కానీ ఆ సంవత్సరం కోత ముఠా రాలేదు. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఒక గూడెం ఉంది. మా నాన్న ఉన్నప్పటినుంచీ ఆ గూడెం ఆడవాళ్లే మా మిరప కోస్తారు. ముఠా పెద్ద ఒకావిడ. "ఈసారి రాము పటేలా" అని ఫోన్ పెట్టేసింది. కాయ చెట్టు మీదే ఎండుతోంది. మోటార్ సైకిల్ తీసి గూడేనికి పోయాను.

ఆవిడ ఇంటి ముందు కూర్చుని చీపురు పుల్లలు కట్ట కడుతోంది. మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. విషయం మాత్రం ఎత్తలేదు. నేనే ఎత్తాను.

"ఆ కథ చూసేనా మీరు రానిది?"

"అవ్. నా బిడ్డ డిగ్రీ చదువుతది. పేపర్ల చూసి, మా మాటల్ల చెప్పింది. గూడెమంత కూసోని ఇన్నం."

"నా చేల ఎన్నడన్న పసిబిడ్డ సచ్చిందా? నువ్వే చెప్పు."

"లేదు పటేలా."

"మరి? నేను లేని కథకు నా మీద కోపమేంది?"

"ఆ కథల నువ్వున్నవో లేవో నాకేం ఎరుక? నేనైతే ఉన్న."

పుల్లలు పక్కన పెట్టి చెప్పింది. ఆవిడ మొదటిసారి కోతకు వచ్చిన ఏడు, పెద్దకొడుకు నాలుగు నెలల వాడట. పాలకు ఏడుస్తుంటే పోతానని అడిగిందట. "సాలు అయినంక పో అన్నవ్. నువ్వే, మీ నాయిన కాదు."

"పిల్లగాడికి ఏమన్న అయిందా?"

"ఏం గాలే. భద్రాచలంల ఆటో నడుపుతుండు, నాకన్న లావున్నడు." నవ్వింది. వెంటనే ఆ నవ్వు పోయింది. "గిన్నేండ్లు గది మామూలే అనుకున్న పటేలా. రైతు గట్లనే అంటడు, మనం గట్లనే కోస్తం అనుకున్న. నా బిడ్డ చదువుతుంటే కథల ఆమె కోసం ఏడ్సిన. ఏడ్సినంక తెలిసింది, నా కోసమేనని."

ఎవరేమన్నా మర్చిపోనని నాకు ఇంట్లో పేరుంది. ఒక పెళ్లి బంతిలో నా విస్తరికి పెరుగు వెయ్యకుండా దాటిపోయినవాడి ముఖం ముప్పై ఏళ్లయినా కళ్ల ముందే ఉంది. నేను ఆవిణ్ణి అన్న మాట మాత్రం గుర్తు లేదు. వెతికాను. మెల్లగా వచ్చింది. మాట కంటే ముందు, పాలతో తడిసిన ఆమె రవిక గుర్తొచ్చింది. నేను అది చూసి, ముఖం తిప్పుకుని, ఆ తర్వాతే ఆ మాట అన్నాను. కథలో అది లేదు.

చీపురు కట్ట మళ్లీ అందుకుని ఆవిడే అంది. "వస్తం. బిడ్డ ఏడిస్తే ఎవ్వల్నీ అడగకుండ పోతం. నువ్వు పుల్ల పట్టుకోని ఎనక నిలబడొద్దు."

"సాలు మధ్యల ఆగితే ఎట్ల? కాయ మిగుల్తది గద."

"పక్కోళ్లు సూసుకుంటరు తియ్యి."

సరేనన్నాను. వారం తర్వాత వచ్చారు. పాలిచ్చే తల్లి లేచి గట్టెక్కితే, అటు సాలామె, ఇటు సాలామె చెరో చెయ్యి చాపి ఆమె సాలు కూడా కోస్తూ పోయారు. ఆమె తిరిగి వచ్చి వాళ్ల పక్కన కలిసింది. కాయ ఒక్కటీ మిగల్లేదు. మిగిలితే చెప్పేవాణ్ణే.

ఇప్పుడు రచయితను అడుగుతున్నాను. వానాకాలం, వేపచెట్టు, చచ్చిపోయిన బిడ్డ, అన్నీ వదిలేశాను. ఆ గూడెం నువ్వు చూడలేదు. ఆవిడతో ఎన్నడూ మాట్లాడలేదు. నేను నా భార్యకు కూడా చెప్పని మాట, నేనే మర్చిపోయిన మాట, అక్షరం తేడా లేకుండా నీ కాగితం మీదికి ఎలా వచ్చింది? పై పోర్షన్ కిటికీలోంచి రెండేళ్లు నన్ను చూసి, వీడు ఇలా అని ఉంటాడని కనిపెట్టావా? లేక ఎవడో ఒక రైతును ఊహించుకుని, వాడికి నా తువ్వాలు ఊరికే కప్పావా? నువ్వు నన్ను తలుచుకోనే లేదంటే ఆ మాటైనా చెప్పు. రెండింట్లో నాకు ఏది ఎక్కువ కష్టమో తెలియదు. ఫోన్ ఎత్తు, లేదా కార్డు ముక్క రాయి. ఈసారి పత్రికవాళ్లు కాదు, నువ్వే జవాబు చెప్పాలి.