అందించని మాట

వేసవి వచ్చిందంటే ప్లోవ్‌దివ్ ఊళ్లో కపానా పేట సందుల్లో నిలబడడానికి చోటు దొరకదు. ఒక గుమ్మంలో డోలు, ఎదురు గుమ్మంలో గిటారు, మధ్యలో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ జనం. అక్కడికి దగ్గర్లోనే పాత పొగాకు గోదాము పెరట్లో కుర్రకారు నాటకాలు వేస్తారు. వాటికి తెర ఉండదు, వేదిక ఉండదు, ఒక్కోసారి కథ కూడా ఉండదు. అలాంటి చోటికి పెన్కాలాంటి మనిషి వెళ్లి కూర్చోవడమే పెద్ద వింత.

పెన్కా ఒకప్పుడు ఊళ్లోని పెద్ద నాటకశాలలో ప్రాంప్టరు. వేదిక కింద గూట్లో కూర్చుని, నటులు మరిచిపోయిన మాట అందించడమే ఆమె పడుచుతనం నుంచీ ఎరిగిన పని. ఆమె గుసగుస నటుడి చెవి దాకా పోయేది, మొదటి వరుస దాకా వచ్చేది కాదు. ఎంత కొమ్ములు తిరిగిన నటుడైనా ఆమె ముందు పిల్లిలా ఉండేవాడు. ఎవడు ఎక్కడ తడబడతాడో ఆమెకు తెలుసు, ఎవరికీ చెప్పదు కూడా. తర్వాత నటుల చెవుల్లోకి మాట అందించే చిన్న యంత్రాలు వచ్చాయి. ఆమె చేతిలో ఒక పూలగుత్తి పెట్టి ఇంటికి పంపేశారు.

ఆ వేసవి మొదట్లో రలిట్సా అనే కుర్ర నటి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. పెద్ద నాటకశాలలో చేరిన కొత్తలోనే ఈ పిల్ల నడివేదిక మీద మాట మరిచిపోయింది. చెవిలో యంత్రం గరగరమంటుంటే ఏడుస్తూ లోపలికి పరుగెత్తింది. ఆ తర్వాత ఎవరూ వేషం ఇవ్వలేదు. ఇప్పుడు కలోయన్ అనే కుర్ర దర్శకుడు ఇచ్చాడు. నాటకం మొత్తానికి తనొక్కతే నటి. ఇది కూడా పోతే ఇక నాటకాల జోలికి రానని చెప్పింది.

"నువ్వు ముందు వరుసలో కూర్చో పిన్నీ, చాలు. ఆగిపోతే నీ వైపు చూస్తాను."

పెన్కా ఆ మాటకు పొంగిపోయింది. ఉన్న గౌన్లలో మంచిది తీసి ఇస్త్రీ కూడా చేసుకుంది.

కలోయన్‌కు ప్రాంప్టరంటే గిట్టదు. తమ నాటకంలో తప్పు కూడా నాటకమేనని వాదిస్తాడు. అయినా రలిట్సా మొహం చూసి ఒప్పుకున్నాడు. కూల్చబోయే ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఆడమనిషి గిన్నెలు తోముకుంటూ, వెళ్లిపోయిన ఇరుగుపొరుగుతో మాట్లాడుతుంటుంది. మూల కూర్చుని స్పాస్ అనే తాగుబోతు క్లారినెట్ వాయిస్తాడు. అదీ నాటకం.

మొదటి ఆట రోజు మధ్యాహ్నం కలోయన్ ఒకచోట నిశ్శబ్దం చేర్చాడు. తొట్టిలో నీళ్లు పోశాక, అవి కదలడం మానేదాకా రలిట్సా మాట్లాడకూడదు. ఆ సంగతి పెన్కాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రం ఆ పిల్ల నీళ్ల మీదికి వంగి ఆగిపోగానే, ఊపిరి గమనించకుండానే మాట మరిచిపోయిందనుకుంది పెన్కా. వెంటనే మాట అందించింది. గూట్లో చెల్లిన గుసగుస రాతిగోడల మధ్య పెరడంతా వినపడింది. వెనక ఎవడో అదే మాటను ముసలి గొంతుతో వెక్కిరించాడు. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

రలిట్సా ఎలాగో నెట్టుకొచ్చింది. కలోయన్ నాలుగు తిట్టి ఉంటే సరిపోయేది. వాడు తిట్టలేదు. ఆట అయ్యాక, సందుల్లోని వాయిద్యగాళ్లందరూ చేరి బీరు తాగుతుండగా, ఇవాళ అసలు హీరోయిను మా పెన్కా పిన్నే అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు రొట్టెల కొట్టువాడు కూడా, "ఏమిస్తున్నానో మరిచిపోయాను పిన్నీ, కాస్త అందించు," అన్నాడు. ఎవరికీ వినపడకుండా బతకడమే గొప్ప అనుకున్న మనిషి, ఇప్పుడు ఊరికంతటికీ వినపడింది. మళ్లీ అక్కడికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. రలిట్సా వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

రెండో ఆట హాయిగా సాగింది. నీళ్లు పోసింది, ఆగింది, అవి నిలకడయ్యాక మాట్లాడింది. చివరికొచ్చేసరికి చేతిలో గ్లాసుతో మళ్లీ ఆగింది. "ఈ గ్లాసు పక్కింటివాళ్లది" అనాలి.

పెన్కాకు క్షణం పట్టలేదు. కావాలని ఆగినవాళ్లు ఊపిరి వదులుతారు, మరిచిపోయినవాళ్లు బిగబడతారు. రలిట్సా బిగబట్టింది. తలెత్తి సూటిగా పెన్కా వైపు చూసింది. మాట నాలుక చివరే ఉంది. అంతలో మొన్నటి నవ్వు గుర్తొచ్చింది. ఇదీ కలోయన్ చేర్చిందేనేమో అని పెన్కా తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటున్నప్పుడే అది అబద్ధమని తెలుసు. చెయ్యెత్తి అరచేత్తో నోరు మూసుకుంది.

ఆ పిల్ల చూస్తూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. స్పాస్‌కు ఏం తోచిందో, తనంతట తానే క్లారినెట్ ఎత్తుకున్నాడు. ఆ పాట పట్టుకుని రలిట్సా ఒడ్డెక్కింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కలోయన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ చూపు, ఆ మౌనం రేపటి నుంచి నాటకంలో ఉండాల్సిందే అన్నాడు.

"చూశారా పిన్నీ, ఊరుకోవడం మీకూ వచ్చేసింది," అంటూ పెన్కా భుజం తట్టాడు.

ఆ మెచ్చుకోలు ముందు మొన్నటి వెక్కిరింత ఏపాటిది. పెన్కా సిగ్గుతో చితికిపోయింది. రలిట్సా పెరటి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే పక్కన వెళ్లి నిలబడింది. నిజం చెప్పాలనే వెళ్లింది. తీరా అక్కడ నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"అదీ నాటకంలో ఉందనుకున్నానే అమ్మాయ్."

రలిట్సా తువ్వాలు మొహం మీంచి తీసింది. "మరి నోరెందుకు మూసుకున్నావు పిన్నీ?" అంది.

పెన్కా వంగి కుళాయి కట్టేసింది. రలిట్సా రెండోసారి అడగలేదు. తువ్వాలు దండెం మీద వేసి, రేపు త్వరగా రమ్మని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఆ వేసవంతా పెన్కా ఆ కుర్చీలోనే కూర్చుంది. అలాగే చెయ్యెత్తి నోరు మూసుకోవాలని కలోయన్ గట్టిగా చెప్పాడు. రానంటే ఎందుకని అడుగుతారు, అందుకని రోజూ వెళ్లింది. రోజూ ఆ పిల్ల గ్లాసు పట్టుకుని ఆమెను చూసేది, ఆమె నోరు మూసుకునేది. ముసలామె కూడా బాగా చేస్తోందని జనం అనుకునేవారు. ఇంటికొచ్చాక పెన్కాకు అన్నం సహించేది కాదు.

ఆ చూపు పుణ్యమా అని రలిట్సాకు పెద్ద నాటకశాల నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ఆఖరి ఆట నాడు పెన్కా చెయ్యి పైకెత్తలేదు. ఆ పిల్ల తన వైపు చూడగానే, గుసగుసగా కాదు, నిండు గొంతుతో అంది.

"ఈ గ్లాసు పక్కింటివాళ్లది."

పెరడంతా నవ్వింది. కలోయన్ తల పట్టుకున్నాడు. పెన్కా అవేవీ పట్టించుకోకుండా రలిట్సా పెదాల వైపే చూస్తూ కూర్చుంది. రలిట్సా కళ్లలో రోజూ తిరిగినట్టే నీళ్లు తిరిగాయి. క్లారినెట్ మొదలవగానే, ఆ పిల్ల రోజూ తిరిగినట్టే స్పాస్ వైపు తిరిగింది. ఆ మాట అందుకోలేదు.