నా తిట్లు విని బండి సరిచేసిన తమ్ముడు

"కూసో అక్కా. మాదన్నపేట మార్కెట్ దాక పోయి వద్దాం."

"నేను కూసోను."

"ఒక్కసారి కూసో. రేపు కార్ల పందెం. ఈ ఎర్రబండికి ఎనక ఇంకొక కమాన్ పట్టీ ఏసిన. ఎక్కువైందా, సరిపోయిందా, నువ్వు కూసుంటేనే ఎర్కయితది."

"సర్కారు నౌకరి ఇడిసిపెట్టి షెడ్డు పెడుతనంటివి సూడు, ఆ మాట వాపస్ తీస్కో. అప్పుడు కూసుంట."

"ఎనిమిదేండ్లు బస్సుల కింద పండుకున్న. నా చేతి పని నా పేరు మీద చేసుకుంటే తప్పేందే?"

"ఒకటో తారీఖు వస్తే డిపో జీతమిస్తది. నీ షెడ్డు ఏమిస్తది? వానొస్తే ఉరుస్తది."

"నీకు అన్నిటికీ ఫికరే."

"నువ్వు చెయ్యవు గద. నీ వంతు గూడ నేనే చేస్తున్న."

ఈ లొల్లి అయి పదిహేనేండ్లు దాటింది. నాతోటి ఆ లొల్లి పెట్టుకున్న నా తమ్ముడు వీరేశం మొన్న బేస్తవారం పొద్దున కాలం చేసిండు. చాయ్ తాగి, డ్యూటీకి పోదామని లేవబోయి, గోడకు ఒరిగిండట. మరదలు సుగుణ పంపిన మనిషి వచ్చి చెప్తే నేను నమ్మలే. "మంచిగ చూసిండ్రా? అలిసి పండుకున్నడేమో పోయి లేపుండ్రి" అని వచ్చినోన్నే గద్దించిన. పోయి చూస్తే వాడు ఎన్నడు లేనంత కుదురుగ పండుకోని ఉన్నడు. నాకన్న పద్నాలుగేండ్లు చిన్నోడు. నేను పోయినంక వాడు ఏడ్వాలె గని, వాని తల కాడ నేను కూసునుడు ఏం న్యాయం?

డిపోల వాని సోపతిగాళ్లు సంతాప సభ పెట్టి చిన్న పుస్తకం అచ్చేస్తున్నరు. నన్ను గూడ రాయమన్నరు. కార్యదక్షుడు, నిగర్వి, అజాతశత్రువు అని చదువుకున్నోళ్లు రాస్తరు. అన్ని నిజమే. నేను నాలుగో తరగతి దాక చదివిన, నాకు వచ్చినట్టు రాస్త.

మా అమ్మ పోయేనాటికి వీరేశం నాలుగేండ్ల పిలగాడు. నా పెండ్లి అయి ఉప్పుగూడకు వస్తుంటే నా కొంగు పట్టుకోని వచ్చిండు. "ఉండనీ, ఇంత అన్నమే గద" అన్నడు మా ఇంటాయన. చదువు అబ్బలే. బస్సు డిపోల కమాన్ పట్టీల పనికి పెట్టిచ్చినం. బస్సు చక్రాల మీద ఇనుప పట్టీలు ఒకదాని మీదొకటి కట్టగట్టి ఉంటయి. జనం బరువంత వాటి మీదనే. వాడు పట్టీని సుత్తెతోటి ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేటోడు. ఖంగుమన్నదా, మంచిది. గొంతు బొంగురు పోయినట్టు మోగిందా, లోపల పగులున్నదని పక్కకు పెట్టేటోడు. వాడు పక్కకు పెట్టిన పట్టీ మల్ల బస్సుకు ఎక్కకుండెనని డిపోల ఇప్పటికీ చెప్పుకుంటరు.

ఆదివారాలు మా వాకిట్ల చిన్న కార్లు నిలబడేటివి. ఉరికిచ్చుడంటే పిచ్చి ఉన్న జవాన్ల బండ్లు. బండి కిందికి కనబడాలె, మలుపు కాడ ఒరుగొద్దు అని వచ్చేటోళ్లు. వేరే కాడ అయితే స్ప్రింగు రెండు చుట్లు కోసి పంపుతరు. వీరేశం ఎన్నడు కొయ్యలే. "భాయ్, స్ప్రింగు కోసి బండిని దించుడు, మోకాళ్లు కోసి మనిషిని పొట్టి చేసుడు ఒక్కటే" అనేటోడు. పట్టీలను కొలిమిల కాల్చి వంపు తగ్గిచ్చేటోడు. షాకబ్జర్లల్ల పల్చటి నూనె తీసి చిక్కటిది పోసేటోడు. అరిగిన రబ్బర్లు మార్చేటోడు. ఇంత చేసినంక ఒక మాట చెప్పేటోడు, నాకది కంఠస్థం: "పందెంల ఉరికేది ఒక్క పూట. పందెం అయినంక గీ బండే ఇంటికి గూడ పోవాలె."

మరి బండి గట్టిగైందా, మెత్తగైందా తెల్సుడెట్ల? వాని ఒళ్లు బస్సుల కింద పండుకోని మొద్దుబారింది. ఏ గుంతా వానికి తగలకుండె. అందుకని నన్ను కూసోవెట్టుకునేటోడు. ఉప్పుగూడ రైల్వే గేటు దాటి, మాదన్నపేట కూరగాయల మార్కెట్ దాక పోయి వచ్చుడు. రాళ్లు తేలిన తొవ్వ. నా నోరు సంగతి బస్తీకంత తెల్సు. గుంతకొక తిట్టు. వాడు చెవిల పెన్సిల్ తీసి, బండి ఆపి, చిన్న పుస్తకంల రాసుకునేటోడు.

"ఏం రాస్తున్నవురా, నేను తిడుతుంటే?"

"నువ్వు నడుము ఇరిగిందంటే ఎనక పట్టీ గట్టిగున్నట్టు. పేగులు ఊగినయంటే షాకబ్జర్ల నూనె పల్చగున్నట్టు. పక్కకు పడుతున్న అంటే మలుపు కాడ బండి ఒరిగినట్టు. తిట్టు అక్కా, ఇంక తిట్టు."

"మరి నేను ఊకుంటే?"

"నువ్వు ఊకున్నవంటే బండి అయిపోయినట్టు. తాళం చెవి ఇచ్చి పంపిచ్చుడే."

నిందలు పడ్డందుకు నవ్వేటోన్ని ఈ లోకంల వాన్నొక్కన్నే చూసిన.

ఇంక ఆ ఎర్రబండి సంగతి. చాంద్రాయణగుట్ట చౌరస్తా కాడ కట్టెల అడితి ఉన్న సేటు కొడుకుది. రెండు తలుపులది, పొట్టిగ, సూడ సక్కగుండె. చిన్న సేటు దాంట్లనే వాళ్లమ్మను దవాఖానకు తీస్కపోయేటోడు, దాన్నే పందానికి తోలేటోడు. ఊరి బయట ఎన్కట విమానాలు దిగిన సిమెంటు మైదానం మీద పందెం. "మిస్త్రీ, ఈసారి గెలిపియ్యి. మా అడితి పక్క జాగల షెడ్డు ఏస్కో. నా దోస్తుల బండ్లన్ని నీ కాడికే పంపిస్త. ఓడితే మాత్రం ఈ ముచ్చట మల్ల ఎత్తకు" అన్నడు. ఆనాటి సంది వీరేశం కాళ్లు భూమి మీద లెవ్వు. షెడ్డు ముందల తన పేరు ఏ రంగుల రాయాల్నో గూడ అనుకున్నడు. నేనేమో జీతం లెక్కనే ఏసుకుంటున్న. నౌకరి పోయినంక షెడ్డు నడ్వకపోతే మల్ల నౌకరి ఎవడిస్తడు?

ఆ శనివారం లొల్లి పెట్టుకోని, చివరికి నేను బండెక్కిన. మాట్లాడొద్దనుకోనే ఎక్కిన. రైల్వే గేటు కాడ పట్టాల మీద ఎనక చక్రాలు ఎగిరినయి. నా నడుముల సుత్తెతోటి కొట్టినట్టయింది. నోటి దాక వచ్చిన తిట్టును మింగిన. మార్కెట్ ముందటి గుంతల మల్ల కొట్టింది. అప్పుడు గూడ మింగిన.

వీరేశం తిరిగి చూసిండు. "ఏందక్కా, ఏమంటలేవు?"

నేను కిటికీ దిక్కు చూసిన.

"నిజంగ ఏం తగల్తలేదా?"

నేను జవాబియ్యలే. వాని మొకం వెలిగిపోయింది. "అయితే అయిపోయినట్టే!" అని పుస్తకం జేబుల పెట్టుకున్నడు. పెన్సిల్ తియ్యనే లేదు.

కోపం మీద ఊకున్న అని అప్పుడు నాకు నేనే చెప్పుకున్న. ఇప్పుడు తమ్ముడు లేడు, అబద్ధం ఎవరి కోసం? కోపం సగమే. కొత్త పట్టీ ఎక్కువైందని నాకు తెల్సింది. ఎక్కువైతే మలుపు కాడ చక్రం ఎగురుతదని, ఎగిరిన చక్రం భూమిని పట్టదని వాడు నాకు వందసార్లు చెప్పిండు. బండి ఓడితే నౌకరి నిలుస్తదనుకున్న. మనిషికి ఏమన్నయితదేమో అన్న సోయి ఆ గడియల నాకు రాలే.

ఆదివారం సద్ది కట్టుకోని నేను గూడ మైదానానికి పోయిన. అక్కడ సోడా ధర వింటేనే దూప చచ్చిపోయింది. ఎర్రబండి మొదట్ల అందరి కన్న ముందలున్నది. వీరేశం జనం లోపలికి రాకుండ కట్టిన తాడు పట్టుకోని పిల్లగాని లెక్క ఎగురుతున్నడు. మూడో చుట్టుల, సిమెంటు అతుకులున్న మలుపు కాడ, బండి ఎనక భాగం టపటపమని దునికింది. గిర్రున తిరిగి, గడ్డిలకు పోయి ఆగింది. చిన్న సేటు తలుపు తీసుకోని దిగినంక గని నాకు ఊపిరి రాలే.

ఆయన దగ్గరికొచ్చి, "పట్టీ ఎక్కువైంది మిస్త్రీ" అన్నడు.

"అవు సేట్. తప్పు నాదే" అన్నడు వీరేశం. నా పేరు ఎత్తలే.

పొద్దూకి ఇంటికొచ్చినంక అడిగిండు. "అక్కా, నిన్న గేటు కాడ నీకు నడుముల తగల్లేదా?"

"తగల్లే" అన్న.

నా నడుము దిక్కు చూసిండు. "సరే" అన్నడు. ఆనాటి సంది షెడ్డు మాట ఎన్నడు తియ్యలే.

ఆ నౌకరి మీదనే వానికి పెండ్లయింది, ఇల్లయింది, ఇద్దరు ఆడివిల్లలు చదువుకుంటున్నరు. ఇది చిన్న సంగతేం గాదు, నేను తక్కువ చేసి చెప్ప. గని ఎవరన్న కొత్త షెడ్డు పెట్టి బోర్డు కడితే, సైకిల్ ఆపి ఆ బోర్డు చదివి పోయేటోడు. అది నేను చూసిన. తర్వాత గూడ ఆదివారాలు బండ్లు వచ్చినయి, నన్ను కూసోవెట్టుకున్నడు. నేను ప్రతి గుంతకు రెండు తిట్లు తిట్టేదాన్ని. వాడు నవ్వి, ఒక్కటే రాసుకునేటోడు.

ఎందరో మిస్త్రీలు ఉన్నరు, ఇంకా వస్తరు. ఇనుము గుండె చప్పుడు విని మంచిచెడ్డలు చెప్పగల చెవి, కఠినమైన మాటల్ల గూడ పనికొచ్చేది ఏరుకునే ఓర్పు ఉన్న మనిషిని ఈ బస్తీ మల్ల చూడది. నా తమ్ముని స్థానం శూన్యం. వాని ఆత్మకు నేను చేతులెత్తి మొక్కుతున్న. వాడు చిన్నోడు, నేను పెద్దదాన్ని, అయినా మొక్కుతున్న.

అప్పట్ల ఆ పందెం పోయిన మర్నాడు సోమవారం. వీరేశం ఎప్పటి లెక్కనే ఆరింటికి లేచిండు. తానం చేసి ఖాకీ బట్టలేసుకున్నడు. నేను రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు పెట్టి డబ్బా చేతికిచ్చిన. "పోయొస్త అక్కా" అన్నడు. సైకిల్ తీసి డిపోకు పోయిండు.