మా గడప దాటిపోయిన మంత్రిగారు

ఊళ్ళో ఎన్నికలు దగ్గరపడితే చాలు, బహ్రెయిన్ గుదైబియాలోని మా లాండ్రీలో ఇస్త్రీపెట్టె కన్నా ఫోన్లే ఎక్కువ వేడెక్కుతాయి. ఊరివాళ్ళ లెక్కలో ఇక్కడున్న మేమూ దుబాయివాళ్ళమే కనుక, నాయకుల మనుషులు మాకు ఫోన్ చేసి, ఇంటివాళ్ళకు చెప్పి ఓట్లు వేయించమని బతిమాలుతారు. మొన్న అలాంటి ఫోనొకటి పెట్టేసి, నా దగ్గర పనిచేసే నిజామాబాద్ అబ్బాయి, "కాకా, మీ కాలంల గూడ గిట్లనే అడుగుతుండెనా?" అన్నాడు. నవ్వేశాను గాని, ఓటు అడగని మంత్రిగారొకరు ఆ రోజంతా నా కళ్ళముందే తిరిగారు.

అలాంటి పెద్దమనుషులు మన తరంవారికి తెలిసే ఉంటారు. తెల్లని ధోవతి, తలపాగా, పాత పద్ధతి తప్పితే లోకం తలకిందులవుతుందన్న గట్టి నమ్మకం. ఆయన మా ఊరి దొర. ఎన్నికల్లో గెలిచి మంత్రి కూడా అయ్యారు. బడి చదువు మధ్యలోనే ఆగిన నేను, తరువాత జిల్లా గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు విప్పుకుని ఆయన చరిత్రంతా నాకు నేనే కూర్చుకున్నాను. మా వైపు రోడ్డు వేయించారు, పశువుల దవాఖాన తెచ్చారు. కాని కౌలుదార్లకు భూమిమీద హక్కునిచ్చే చట్టం మంత్రివర్గం ముందుకు వచ్చినప్పుడు, తాతలనాటి ఆస్తిని అలా తీసుకోవడం అధర్మమని వాదించి, మాట చెల్లక పదవి వదులుకున్నారు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ వాదన నాకు మింగుడుపడలేదు. మా నాన్న ఆయన కౌలుదారే మరి. అయినా ఆయనను తలచుకుంటే కోపం రాదు.

ఆయనకొక నియమం ఉండేది. ఎన్నికలప్పుడు ఊరంతా తిరిగి చేతులు జోడించేవారు గాని, తన భూమి చేసేవాళ్ళ ఇళ్ళను మాత్రం దాటిపోయేవారు. పదవి వదిలాక వచ్చిన ఎన్నికల్లో మా నాన్న పట్టుబట్టి కూర్చున్నాడు. ఆ చట్టం అమలులోకి వస్తే మేలు తనకే అయినా, దొర ఇంటికి వచ్చి ఒక్కమాట అడిగితే ఓటు ఆయనకేనని, అడగకపోతే ఎదుటివారికేనని అమ్మతో చెప్పాడు. అమ్మ వాకిలి అలికి, కాళ్ళకు నీళ్ళు సిద్ధంగా పెట్టింది. దొర పక్కింటివరకు వచ్చి, మా వాకిలి ముందు తల వంచుకుని నడిచి, అవతలి ఇంటికి వెళ్ళిపోయారు. మమ్మల్ని మనుషుల్లో జమ కట్టలేదని నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. అన్నట్టే ఎదుటి గుర్తుకు ఓటు వేసి వచ్చాడు. మా వాడలోని కౌలుదార్లందరిదీ అదే రోషం. దొర ఓడిపోయారు.

ఫలితం తెలిసిన మరునాడు పొద్దున, వెంట ఎవరూ లేకుండా, చేతికర్రతో వచ్చి మా అరుగుమీద కూర్చున్నారు. ఇక భూమి పోయినట్టేనని నాన్న బిగుసుకుపోయాడు. భయపడవద్దని, ఎప్పటిలాగే సాగు చేసుకోమని చెప్పి దొర అన్నారు: "నా భూమి చేసుకొని బతికేటోన్ని ఓటడిగితె, కాదనే ధైర్యం నీకుంటదా? గా బలవంతం ఇష్టంలేకనే రాలె. ఇప్పుడు అడిగేదేం లేదు, గందుకే వచ్చిన."

నాన్న తలెత్తకుండానే బదులిచ్చాడు. "కాదననీకైనా ముందుగాల ఓ మాట అడగాలె గద, దొరా."

దొర అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "నిజమే" అని లేచారు. ఆయన మళ్ళీ పోటీ చేయలేదు.

ఇప్పటి నాయకులు ఏ గడపనూ వదలరు. మంచిదే, మా నాన్న కోరుకున్నదీ అదే. కాని ఓడిన మరునాడు, తనకు ఓటు వేయనివాడి అరుగుమీద కూర్చుని, వాడి మాటకు ఒప్పుకుని వెళ్ళిన మనిషిని ఆయన తరువాత నేను మరొకరిని చూడలేదు.