టైముకి రాని తమ్ముడి పేరున

రోజూ పొద్దున్నే పనికి బయలుదేరే ముందు ఆమె పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి, చిన్న గుడ్డదిండుకు వరసగా గుచ్చుకుంటుంది. ఆరు సూదులకి తెల్లదారం, నాలుగింటికి నల్లది, రెండింటికి గోధుమరంగుది. బట్టలు కుట్టే దుకాణంలో చొక్కాలకు కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం ఆమె పని. నలభై ఏళ్లుగా అదే పని కాబట్టి చుట్టాలందరికీ ఆమె కాజాల అత్తయ్య. వరసకు పిన్ని అనవలసినవాళ్లు కూడా అలాగే అనేస్తారు.

చూపు మందగించాక చాన్నాళ్లు ఆ దారాలు ఎక్కించిపెట్టింది తమ్ముడు. వాచీలు బాగుచేసేవాడు. తన కొట్టుకు పోతూ పోతూ ఆగి, భూతద్దం కంటికి తగిలించుకుని, రెండు నిమిషాల్లో పన్నెండూ ముగించి, "నీ సైన్యం సిద్ధం అక్కా" అని లేచిపోయేవాడు. ఇప్పుడు ఆమెకు ఆ పని అరగంట పడుతుంది.

బాగుచేసిన వాచీని అతను వెంటనే ఇచ్చేసేవాడు కాదు. ఒక రోజంతా తనే పెట్టుకు తిరిగేవాడు. బల్లమీద బుద్ధిగా నడిచే వాచీ చేతికెక్కాక ఎలా నడుస్తుందో చూడాలనేవాడు. అందుకని ఎప్పుడు చూసినా మోచేతి దాకా మూడో నాలుగో వాచీలుండేవి. టైమెంతని అడిగితే, "ఎవరిది చెప్పమంటావు? హెడ్మాస్టరుదా, పోస్టుమాన్‌దా?" అనేవాడు.

అన్ని వాచీలున్న మనిషి ఎక్కడికీ సమయానికి చేరి ఎరగడు. దారిలో ఏ ఇంటి గోడమీదైనా ఆగిపోయిన గడియారం కనబడితే చాలు, కాళ్లు అటే లాగేవి. ఏడాదికోసారి ఒక ఆదివారం, బడి హాలు అద్దెకు తీసుకుని చుట్టాలంతా కలిసేవారు. భోజనాలై, గిన్నెలు కడుగుతుండగా అతను చెమటలు కక్కుతూ దిగేవాడు.

"ఏరా, గడియారాలకి పెళ్లి చేసొచ్చావా?" అనేది అక్క.

"విడాకులే అక్కా. చిన్నముల్లు పెద్దముల్లుతో వేగలేనంటోంది."

ఆమె అతని వంతు కంచంలో వడ్డించి, మీద ఇంకో కంచం బోర్లించి, పక్కన పెట్టుకుని కూర్చునేది. ఏటా అంతే.

మూడు రోజుల జ్వరంతో అతను పోయాడు. ఏడుపులయ్యాయి, జరగవలసినవన్నీ జరిగాయి. ఆమెకు మాత్రం అతను పోయినట్టు ఎంతకీ అనిపించలేదు. ఇంకా రాలేదనే అనిపించేది. రావడానికి ఎప్పుడూ ఆలస్యం చేసే మనిషి కాబట్టి మనసుకు ఆ వీలు దొరికింది.

మరుసటి ఏడాది అన్నకొడుకు ఫోను చేశాడు. హాస్టళ్లలో పెరిగిన పిల్లాడు. బాబాయిని ఎక్కువగా ఫొటోల్లోనే చూశాడు.

"అత్తా, బాబాయి పేరున ఈసారి నుంచి షీల్డు ఇస్తున్నాం. నీ చేతులమీదుగానే."

"మంచిపని చేస్తున్నార్రా. దేనికి ఇస్తారు?"

"సమయపాలనకి. హాలుకి అందరికంటే ముందొచ్చిన వాళ్లకి."

ఆమె పకపకా నవ్వింది. అవతల నవ్వు వినబడకపోయేసరికి ఆగింది. "వాడికా? సమయపాలనా?"

"గడియారాల మనిషి కదత్తా! పెద్దవాళ్లంతా బాగుందన్నారు. షీల్డు మీద చెక్కించేశాం కూడా."

పోయినవాళ్లమీద మంచిమాటే కదా అని పెద్దవాళ్లు తలూపేశారన్నమాట. ఆ వారమంతా దుకాణంలో ఆమెకు కాజాలు వంకరపోయాయి. రెండు చొక్కాలు విప్పి మళ్లీ తీయవలసి వచ్చింది.

ఆ ఆదివారం పదకొండింటికి రమ్మంటే అన్నకొడుకు మామగారు పదింటికే వచ్చి, తల దువ్వుకుని ముందువరసలో కూర్చున్నారు. ఆమె తలుపు కనబడే చోట కూర్చుంది. భోజనాలయ్యాయి. అలవాటుకొద్దీ చెయ్యి ఒక కంచం వడ్డించి, ఇంకొకటి బోర్లించేసింది. చేశాక చూసుకుని, దాన్ని తీయలేక అలాగే ఉండిపోయింది.

అప్పుడొచ్చింది చెల్లెలి కూతురు, ఆసుపత్రిలో నర్సు, ఇంకా తెల్లబట్టల్లోనే.

"తిట్టకు పెద్దమ్మా. డ్యూటీ అయిపోయింది కానీ ఒక ముసలాయన చెయ్యి వదల్లేదు. నిద్రపట్టేదాకా కూర్చున్నా."

"తిట్టేదాన్నైతే అన్నం దాస్తానా? కూర్చో" అని కంచం ముందుకు జరిపింది.

మైకులో ఆమెను పిలిచారు. జీవితంలో మైకు పట్టుకోని మనిషి. షీల్డు చేతికిచ్చారు.

"మా తమ్ముడు ఒక్కనాడూ టైముకి రాలేదు" అంది.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"నా పెళ్లికి ఫొటోలన్నీ అయిపోయాక వచ్చాడు. బస్టాండులో గడియారం ఆగిపోయిందిట." ఈసారి అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "వాడు టైముకొచ్చే మనిషని మీరు చెక్కించేస్తే, ఇన్నేళ్లూ నేను కూర్చుని ఎదురుచూసింది ఎవరికోసంరా?"

అన్నకొడుకు ముఖం కందగడ్డైంది. ముందువరసలో మామగారు లేచారు.

"అమ్మా, నేను పెందలాడే వచ్చింది ఇంట్లో తోచకే. ఆఖరున వచ్చిన ఆ పిల్లకే ఇచ్చెయ్యండి."

నర్సు ఎడమచేత్తో షీల్డు అందుకుంది. కుడిచేతికి ఇంకా అన్నం అంటుకునే ఉంది. చెక్కించిన మాట మారుస్తానని అన్నకొడుకు అన్నాడు. "ఉండనీరా, చూస్తే వాడే ముందు నవ్వేవాడు" అంది అత్త.

ఆ మరుసటి ఏడు బహుమతి కోసం నలుగురు కుర్రాళ్లు గేటవతల గోడచాటున నక్కారు, ఆఖరున రావాలని. అప్పటినుంచి ఒక నియమం పెట్టారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎవరికోసం ఆగారో కాజాల అత్తయ్యకు చెప్పుకోవాలి. ఆమె ఒప్పుకుంటేనే షీల్డు. అబద్ధమైతే ఇట్టే పట్టేస్తుంది. నిజమైతే, చెప్పడం అయిపోయాక కూడా "ఊఁ, తరవాత?" అంటుంది. ఆ మాటలు ఇంకాసేపు సాగితే బాగుండునన్నట్టు.

ఇప్పుడామెకు డెబ్బై రెండేళ్లు. వారానికి ఐదు రోజులు పనికి వెళ్తుంది.